చెంతనున్న చిన్న నిల్వ — బైపాస్ కెపాసిటర్ల ఎంపిక

(సాంస్కృతిక సంఘపు విజ్ఞానగోష్ఠిలో చదువబడిన ప్రసంగపాఠము)

 

సాంస్కృతిక సంఘముల వేదికపై కావ్యమును గూర్చియో, గానమును గూర్చియో ప్రసంగించుట ఆచారము. నేటి విషయము ఆ రెంటికిని దూరమైనదిగా తోపవచ్చును. కాని గానమును ఇంటింటికి చేర్చు రేడియో, దూరమున నున్న బిడ్డల కుశలము తెలుపు చేతిఫోను, ఆసుపత్రిలో రోగి గుండె లయను గీతలుగా చూపు యంత్రము, ఇవన్నియు బియ్యపుగింజకంటె చిన్నవగు కొన్ని పలుకుల సాయముతో పనిచేయుచున్నవి. వాటికి బైపాస్ కెపాసిటర్లని పేరు. ఒక్కొక్కటి కొన్ని పైసల వెల చేయును. దాని ఎంపికలో పొరపాటు జరిగినచో వేల రూపాయల యంత్రము అకారణముగా తడబడును. ఒకనాడు పనిచేసి మరునాడు మొండికెత్తును. కారణమేమో నెలల తరబడి ఎవరికిని అంతుపట్టదు. ఇంజనీరింగు చదువు బిడ్డ లేని ఇల్లు తెలుగువారిలో అరుదు. కనుక ఈ ఎంపికలోని ధర్మసూక్ష్మము నిపుణులకే గాక కుటుంబములకును తెలియుట మేలు.

ఖజానా, చిల్లరపెట్టె

ఎలెక్ట్రానిక్ యంత్రములలోని చిప్పు అనునది లక్షలాది సూక్ష్మమైన స్విచ్చుల సముదాయము. అవి సెకనునకు పది కోట్ల పర్యాయములు మారుచున్న వనుకొనుడు. మారిన ప్రతి పర్యాయమును చిప్పు హఠాత్తుగా కొంత విద్యుత్తును కోరును. ఆ కోరిక ఒకటి రెండు నానోసెకన్లలో పుట్టును. నానోసెకను అనగా సెకనులో వంద కోట్లవ వంతు. కోరినది ఆ క్షణముననే అందవలెను. ఆలస్యమైనచో చిప్పునకు అందు వోల్టేజి క్రుంగును. ఒకటిని సున్నగాను, సున్నను ఒకటిగాను చిప్పు భ్రమపడును.

ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయువారికి ఈ సమస్య క్రొత్తది కాదు. ఖజానాలో కోట్ల ధనమున్నను, ఈ నిమిషమున ఒక తపాలా బిళ్ల కొనవలెనన్నచో ఖజానాకు బిల్లు వ్రాసి, సంతకములు చేయించి, మంజూరు తెచ్చుకొనుట జరుగునా? అందుకే ఇంప్రెస్టు అను పద్ధతి ఏర్పడినది. సెక్షనులోని గుమాస్తా చేతిలో కొద్ది సొమ్ము ఉండును. అవసరము తోచగనే అందుండి ఖర్చగును. తరువాత తీరుబడిగా ఖజానా ఆ లోటును పూరించును. బైపాస్ కెపాసిటరు చిప్పునకు ఇట్టి ఇంప్రెస్టు. విద్యుత్తు సరఫరా చేయు భాగము ఖజానా. ఖజానా ఎంత పెద్దదైనను దూరమున నున్నది. ఇంప్రెస్టు చిన్నదైనను చేతియందున్నది.

దూరము ఇంతగా బాధించుటకు కారణము తీగ స్వభావము. ప్రతి తీగకును ప్రేరకత్వమను గుణము కలదు. అది ప్రవాహములోని మార్పును ఎదిరించును. సరకు నింపిన గూడ్సు బండి కదలుటకును, ఆగుటకును మొరాయించు రీతిగా. సన్నని తీగకు మిల్లీమీటరునకు సుమారు ఒక నానోహెన్రీ ప్రేరకత్వము ఉండును. ఒక సెంటీమీటరు తీగకు పది నానోహెన్రీలు. ఆ తీగలో ఒక నానోసెకను కాలమున పదవ వంతు ఆంపియరు ప్రవాహము పెరిగినచో తీగయందే ఒక వోల్టు నష్టమగును. 3.3 వోల్టులతో పనిచేయు చిప్పునకు ఒక వోల్టు లోటు సామాన్యమైనది కాదు. అప్పుడు దూరపు సరఫరాను నమ్ముకొనుట, ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వుట వంటిది.

ఈ చిన్న నిల్వ మరియొక సేవ కూడ చేయును. చిప్పులో పుట్టిన అలజడి సరఫరా తీగల వెంట పొరుగు చిప్పులకు ప్రాకకుండ, అక్కడికక్కడనే దానిని భూమి తీగకు మరలించును. బైపాస్ అను పేరు అందుండి వచ్చినది.

గూడూరు అభ్రకము నుండి నేటి పింగాణి దాక

కెపాసిటరు అనగా రెండు లోహపు రేకులు, వాటి నడుమ విద్యుత్తును పోనీయని ఒక పొర. 1745లో పొమరేనియాకు చెందిన క్లైస్టు, 1746లో హాలెండులోని లైడెన్ నగరమున ముషెన్‌బ్రోక్ గాజు జాడీలో విద్యుత్తును నిలువచేసి చూపిరి. నాటి లైడెన్ జాడీ నేటి కెపాసిటరునకు మూలపురుషుడు. వెనుకటి తరము రేడియో మెకానిక్కులు దీనినే కండెన్సరు అని పిలిచెడివారు.

నడిమి పొరగా ఏ పదార్థమును వాడవలెనను ప్రశ్నలోనే ఈ శాస్త్రపు చరిత్ర చాలవరకు ఇమిడియున్నది. ఇరువదవ శతాబ్ది ప్రథమార్ధమున రేడియో యంత్రములకు అభ్రకము శ్రేష్ఠమైనదిగా పేరు గాంచెను. పల్లెలలో కాకిబంగారమని పిలుచు పదార్థ మిదియే. పలుచని రేకులుగా విడివడుట, వేడికి చెక్కుచెదరకుండుట, అధిక పౌనఃపున్యములందును నష్టము మిక్కిలి తక్కువగా నుండుట దాని సుగుణములు. బీహారు నాటి కోడెర్మా గనులతో పాటు, నెల్లూరు సీమలోని గూడూరు ప్రాంతపు గనులును ఈ అభ్రకమునకు ప్రసిద్ధి కెక్కినవి. తెలుగు నేలలో త్రవ్వబడిన రేకులు సముద్రములు దాటి దేశదేశముల విద్యుత్ పరికరములకు పనికివచ్చినవి.

రెండవ ప్రపంచయుద్ధకాలమున అభ్రకము సైనికావసరములకు అత్యంత ముఖ్యమైన వస్తువయ్యెను. అదే కాలమున అమెరికా, రష్యా, జపాను దేశముల పరిశోధకులు వేర్వేరుగా బేరియం టైటనేటు అను పింగాణి పదార్థపు మహిమను కనుగొనిరి. అభ్రకము విద్యుత్తును నిలుపు శక్తిని ఆరేడు అని లెక్కించినచో, టైటనేటు శక్తి వేయికి మించును. నేటి కెపాసిటర్లలో అధికభాగము ఈ పింగాణి పలుకులే. లోహము, పింగాణి ఒకదానిపై నొకటిగా వందల పొరలు పేర్చి, కాల్చి, ఆవగింజకు సాటియగు ప్రమాణములో తయారుచేయుదురు. అయితే అభ్రకము స్థిరచిత్తము కలది, టైటనేటు చంచలము. ఆ చాంచల్యము ఎంపికలో ఎట్టి చిక్కు తెచ్చునో ముందు తెలియగలదు.

ఎంత నిల్వ కావలెను?

ఎంపికలో మొదటి ప్రశ్న పరిమాణము. లెక్క సులభము. చిప్పు పదవ వంతు ఆంపియరును ఐదు నానోసెకన్లపాటు కోరిన దనుకొనుడు. వోల్టేజి ఇరువదవ వంతు వోల్టుకంటె క్రుంగరాదు. ప్రవాహమును కాలముతో గుణించి, అనుమతింపదగిన లోటుతో భాగించినచో పది నానోఫారడ్లు వచ్చును. వాడుకలో నున్న 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరులో దీనికి పది రెట్ల నిల్వ కలదు. కనుక ఇట్టి చిప్పునకు నిల్వ చాలక కష్టము కలుగుట అరుదు. నిల్వ సకాలమున అందక కలుగుటయే తరచు.

ఇచటనే అసలు రహస్యమున్నది. కెపాసిటరు కేవలము కెపాసిటరు కాదు. దాని లోహపు కొసలకు, అంటించిన సీసమునకు, పలకపై దాని దారులకు అన్నిటికి కలిపి కొంత ప్రేరకత్వము ఉండును. చక్కగా అమర్చిన చిన్న పలుకునకు అది ఒక నానోహెన్రీ అనుకొనవచ్చును. అప్పుడు ప్రతి కెపాసిటరునకును ఒక అనునాద పౌనఃపున్యము ఏర్పడును. దానికి దిగువన అది కెపాసిటరుగా ప్రవర్తించును. దానికి ఎగువన ఉత్త తీగముక్కగా మారిపోవును. పది మైక్రోఫారడ్లకు ఈ హద్దు సుమారు 1.6 మెగాహెర్ట్జులు, 0.1 మైక్రోఫారడ్ పలుకునకు 16. ఒక నానోఫారడ్ పలుకునకు 159.

నూరు మెగాహెర్ట్జుల వద్ద 0.1 మైక్రోఫారడ్ చూపు అవరోధము సిద్ధాంతరీత్యా 0.016 ఓము మాత్రమే. వాస్తవమున ఆ ఒక్క నానోహెన్రీ మూలముగా 0.6 ఓము దాటును. నలువది రెట్ల భేదము! పలుకుపై అచ్చువేసిన అంకె దూరమున నుండి చూచుటకు మాత్రమే. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఈ హద్దును చూచి, అధిక పౌనఃపున్యములకు తక్కువ విలువగల కెపాసిటరే మేలని పలువురు తలంతురు. ఇది సగము సత్యము. ఒకే కొలత పెట్టెలో నున్న పెద్ద విలువకును, చిన్న విలువకును ప్రేరకత్వము దాదాపు సమానము. నూరు మెగాహెర్ట్జుల వద్ద 0.1 మైక్రోఫారడ్ అవరోధము 0.6 ఓము కాగా, ఒక నానోఫారడ్ అవరోధము దాదాపు ఒక ఓము. వెయ్యి మెగాహెర్ట్జుల వద్ద రెండింటికిని ఆరు ఓములకు పైగా వచ్చును. చిన్న విలువ నెగ్గునది తన అనునాదపు పరిసరములలో మాత్రమే. కావున విలువను తగ్గించుట కాదు, పెట్టె కొలతను తగ్గించుట ముఖ్యము. ఎంత చిన్న పెట్టె సాధ్యమో దానిని ఎన్నుకొని, ఆ పెట్టెలో నిలకడగా దొరకు పెద్ద విలువను తీసికొనవలెను. పిట్ట కొంచెము, కూత ఘనము అన్న సామెత ఈ పలుకుల పట్ల అక్షరాల నిజము. పొడుగు ప్రక్కకు బదులు వెడల్పు ప్రక్కన లోహపు కొసలుగల పలుకులును ఉన్నవి. ప్రవాహమునకు దారి పొట్టిగాను, వెడల్పుగాను ఉండుటచే వాటి ప్రేరకత్వము మరింత తక్కువ.

ఇద్దరు సాయకుల కలహము

పెద్దది ఒకటి, చిన్నది ఒకటి ప్రక్కప్రక్కన పెట్టినచో రెండు మేళ్లును కలుగునని సామాన్యముగా అనుకొందురు. ఒక్కొక్కప్పుడు ఫలితము విపరీతముగా పరిణమించును. 0.1 మైక్రోఫారడ్ ఒకటి, ఒక నానోఫారడ్ ఒకటి, రెండింటికిని చెరొక నానోహెన్రీ ప్రేరకత్వము, చెరొక 25 మిల్లీఓముల నిరోధము అనుకొనుడు. 16 నుండి 159 మెగాహెర్ట్జుల నడుమ పెద్దది తీగముక్కగా మారియుండును. చిన్నది ఇంకను కెపాసిటరుగానే ఉండును. ఈ రెండింటి నడుమ విద్యుత్తు ఊయెలవలె ఊగులాడును. సుమారు 112 మెగాహెర్ట్జుల వద్ద ఆ జంట అవరోధము పది ఓములకు చేరును. పెద్దది ఒంటరిగా నున్నచో అచట అవరోధము 0.7 ఓము మాత్రమే. సాయమునకు పిలిచినవాడు పని చెరచినట్లయినది.

దీనికి పరిహారములు రెండు. మొదటిది, ఒకే విలువగల పలుకులను పలు సంఖ్యలో వాడుట. సమానమైనవి పది కలిసినచో ప్రేరకత్వము దాదాపు పదవ వంతునకు దిగును, నిల్వ పది రెట్లగును, కలహము పుట్టదు. రెండవది, కొంచెము నిరోధముగల పెద్ద కెపాసిటరును, టాంటలమో, అల్యూమినియమో, దూరముగా ఉంచుట. నిరోధము సర్వత్ర దోషమను అభిప్రాయము సరికాదు. ఊయెలను ఆపు చేయి వంటిది అది. నష్టము లేని పలుకులే మేలని ఏరి తెచ్చినచో ఈ ఊగులాట మరింత ప్రబలును.

అచ్చువేసిన అంకె, పనిచేయు అంకె

ఇక టైటనేటు చాంచల్యము. పింగాణి కెపాసిటర్లకు మూడేసి గుర్తులతో తరగతులు ఏర్పరచినారు. సీ0జీ అనునది మిక్కిలి స్థిరమైనది. డిగ్రీ వేడికి పది లక్షలలో ముప్పది వంతులకు మించి మారదు. కాని అందులో పెద్ద నిల్వ పట్టదు. ఎక్స్7ఆర్ తరగతి మైనస్ 55 నుండి 125 డిగ్రీల వరకు నూటికి 15 వంతుల లోపల మారును. ఎక్స్5ఆర్ అదే హద్దులో 85 డిగ్రీల వరకు నిలుచును. వై5వీ తరగతి మైనస్ 30 నుండి 85 డిగ్రీల నడుమ నూటికి 82 వంతుల వరకు కోల్పోవచ్చును. ఎండాకాలమున ఢిల్లీలో గాని, రాజస్థానములో గాని మూసిన ఇనుప పెట్టెలోని వేడిని తలంచినచో, ఇట్టి పలుకుపై ఆధారపడుట ఎంత సాహసమో తెలియును.

వేడికంటె గూఢమైన శత్రువు వోల్టేజి. టైటనేటు పలుకుపై వోల్టేజి పెరిగినకొలది నిల్వ తరిగిపోవును. 6.3 వోల్టులకు తగినదని వ్రాసిన పది మైక్రోఫారడ్ల చిన్న ఎక్స్5ఆర్ పలుకును ఐదు వోల్టులపై వాడినచో, సగమునకు పైగా నిల్వ మాయమగుట సామాన్యము. ఎక్స్7ఆర్ అను గుర్తులోని 15 వంతుల హామీ వేడికి సంబంధించినదే గాని వోల్టేజికి సంబంధించినది కాదు. పలుకు చిన్నదైనకొలది, పొరలు పలుచనైనకొలది ఈ నష్టము హెచ్చును. కావున వాడు వోల్టేజికి రెట్టింపు తగినదానిని ఎన్నుకొనుట మంచి అలవాటు; అంతకంటె, తయారీదారు ప్రకటించు వోల్టేజి వక్రరేఖను చూచుట ఉత్తమము.

చిన్న పెట్టె కావలెనని ఒక ధర్మము, చిన్న పెట్టెలో నిల్వ నిలువదని మరియొక ధర్మము, రెండును విరుద్ధములు. ఈ విరోధమునకు పరిష్కారము పని పంచుటయే. చిప్పు కాలి చెంతనే మిక్కిలి చిన్న పలుకు. దాని వెనుక కొంచెము పెద్దది. సరఫరా ప్రవేశించుచోట అన్నిటికంటె పెద్దది. గుమాస్తా, సెక్షను, ఖజానా అను క్రమమిదియే.

ఎచట ఉంచవలెను?

ఎంత మంచి పలుకునైనను తప్పుచోట ఉంచినచో ప్రయోజనము లేదు. విద్యుత్తు వెళ్లుటయే గాక తిరిగి రావలెను. కెపాసిటరు నుండి చిప్పు కాలికి, చిప్పు లోపలినుండి భూమి కాలికి, అందుండి మరల కెపాసిటరునకు. ఈ చుట్టు ఎంత చిన్నదైన అంత మేలు. ఒక కొసను చిప్పునకు అంటించి, రెండవ కొసను రెండు సెంటీమీటర్ల తీగతో భూమికి కలిపినవాడు, ఇరువది నానోహెన్రీలు కొనితెచ్చుకొన్నట్లే. 1.6 మిల్లీమీటర్ల మందముగల పలకలో పైనుండి క్రిందికి దిగు ఒక్క రంధ్రమే ఒక నానోహెన్రీకి పైగా ప్రేరకత్వము తెచ్చును. అందుచే రంధ్రములు పలుకు కొసలకు ఆనుకొని ఉండవలెను. వీలైనచో రెండేసి ఉండవలెను. పలుకును పలక అంచున, మరల చెంత ఉంచరాదు. పలక వంగినపుడు పింగాణి బీటవారును.

పలకలోని సరఫరా రేకు, భూమి రేకు దగ్గరగా నున్నచో అవియే ఒక కెపాసిటరు. పదవ వంతు మిల్లీమీటరు ఎడముగల రేకులకు చదరపు సెంటీమీటరునకు సుమారు 40 పికోఫారడ్ల నిల్వ కలుగును. పరిమాణము స్వల్పమే గాని, దీని ప్రేరకత్వము దాదాపు శూన్యము. వందల మెగాహెర్ట్జులకు పైన ఇదియు, చిప్పు లోపలనే అమర్చిన నిల్వయు మాత్రమే ఆదుకొనగలవు.

రేడియో ప్రసారము వంటి ఒకే పౌనఃపున్యముపై పనిచేయు యంత్రముల రీతి వేరు. అచట అన్ని పౌనఃపున్యములను కాపాడవలసిన పని లేదు. ఒక్కదానిని కాపాడిన చాలును. ఎఫ్.ఎం. రేడియో నడచు నూరు మెగాహెర్ట్జుల వద్ద, ఒక నానోహెన్రీ ప్రేరకత్వముగల పలుకునకు రెండున్నర నానోఫారడ్లు ఉన్నచో అనునాదము అచటనే కలుగును, అవరోధము కనిష్ఠమగును. ఇండ్లలోని వైఫై నడచు 2.4 గిగాహెర్ట్జుల వద్ద, అర నానోహెన్రీ పలుకునకు తొమ్మిది పికోఫారడ్లకు లోపలనే చాలును. ప్రేరకత్వమను దోషమును గుణముగా మార్చుకొనుట ఇందలి చమత్కారము.

ఇండెంటులో వ్రాయవలసినది

ఈ విషయము కార్యాలయములకు తగులు చోటు ఒకటి కలదు. కొనుగోలు కాగితముపై “0.1 మైక్రోఫారడ్, 16 వోల్టులు” అని మాత్రము వ్రాసియున్నచో, వై5వీ పలుకును సరఫరా చేసినవాడును మాట తప్పినవాడు కాడు, ఎక్స్7ఆర్ పలుకును సరఫరా చేసినవాడును తప్పినవాడు కాడు. తక్కువ ధరవాడు నెగ్గును. పరీక్షనాటి చల్లని గదిలో యంత్రము చక్కగా పనిచేయును. వేసవిలో, రోగి ప్రక్కననో, రైలు సిగ్నలు గదిలోనో తడబడును. దోషము గుమాస్తాది కాదు, వర్తకునిది కాదు. వ్రాయకుండ విడిచిన మాటలది. 2018లో ప్రపంచమంతట ఈ పలుకులకు కొరత ఏర్పడినపుడు దొరికినదానితో సరిపెట్టుకొనవలసిన అవస్థ అనేక కర్మాగారములకు కలిగెను. సమానమైనదానిని నిర్ణయించుటకు విలువ ఒక్కటియే కొలబద్ద కాదని అట్టివేళ తెలిసియుండుట అవసరము.

కావున ఇండెంటులో ఐదు మాటలు ఉండవలెను: విలువ, వోల్టేజి, పదార్థపు తరగతి, పెట్టె కొలత, వాడు వోల్టేజి వద్ద మిగులవలసిన కనీసపు నిల్వ. ఈ ఐదును వ్రాయుటకు ఒక పంక్తి చాలును. ఆ పంక్తి వ్రాయనందున కలుగు నష్టమునకు ఫైళ్లు చాలవు.

విద్యుత్ శాస్త్రము చదువు యువకులు పెద్ద అంకెలను చూచి మురియక, ఆ నిల్వ ఎంత దగ్గరగా నున్నది, ఎంత త్వరగా అందును, నిజమైన భారము పడినపుడు ఎంత మిగులును అని ప్రశ్నించుట నేర్చిరేని, ఈ ప్రసంగపు ప్రయోజనము నెరవేరినట్లే.